సగమంటే ఒకరు

అమ్మ రెండు సాసర్లు పక్కపక్కన పెట్టుకుని, స్టీలు డబ్బాలో చెయ్యి పెట్టి కలుపుతోంది. పేకముక్కలు కలిపేవాళ్ళ శ్రద్ధ ఉంది ఆ చేతిలో. బాగా కలిపాక కళ్ళు మూసుకుంది. మూసుకునే రెండు క్యాప్సూల్స్ తీసి ఒక సాసర్లో వేసింది. ఇంకో రెండు తీసి రెండో దాంట్లో వేసింది. చూసి తీస్తే చెయ్యి ఎటో ఒకవైపు మొగ్గుతుందని ఆమె భయం.

పాపాయి వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ముప్పై దాటినా ఆ ఇంట్లో ఆమె పాపాయే. పోయిన ఆదివారమే ఈ డబ్బా మొదటిసారి ఆమె కంటబడింది.

"చాలమ్మా. ఆ డబ్బా ఇంక ఇటియ్యి."

"అరవకు. ముందుగదిలో వింటారు."

"నేను అరవలేదు."

"నాకు అరిచినట్టే ఉంది." అమ్మ డబ్బా మూత అరచేత్తో నొక్కింది. అది టప్పుమని పడింది.

"సీసాలేవి?"

"ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. రేపు పరీక్షకి పోయేముందు మిగిలినవి మళ్ళీ రెండు సీసాల్లోకీ పోసిస్తాను. ప్రతిసారీ అదే కదా చేసేది. లెక్క తప్పిందని ఎవరైనా ఒక్కమాట అన్నారా?"

ఎవరూ అనలేదు. అమ్మ లెక్క ఎప్పుడూ తప్పదు. అందుకే ఆస్పత్రిలో ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ సీసాల మీద పేర్లుండవు, అంకెలుంటాయి. ఒక అంకె నాన్నది, ఒకటి మామయ్యది. ఇద్దరికీ ఒకటే జబ్బు, పార్కిన్సన్స్. ముందు నాన్నకొచ్చింది. తర్వాత అమ్మ తమ్ముడికి. భార్య పోయి, వేళ్ళు వణకడం మొదలయ్యాక మామయ్య తన పెట్టె తెచ్చుకుని వెనకగదిలో దిగాడు. ఆస్పత్రి పరిశోధన విభాగంలో కొత్త మందొకటి మనుషులకిచ్చి చూస్తున్నారని తెలిసి, ఇద్దర్నీ చేర్పించింది పాపాయే. ఆమె పనిచేసేది అక్కడే. రోగులతో ఆమెకు సంబంధం ఉండదు, గాజు గిన్నెల్లో కణాలు పెంచుతుంది.

మెదడులో కొన్ని కణాలు లోపల్లోపల తుప్పుపట్టి రాలిపోతున్నాయనీ, ఈ యాంటీఆక్సిడెంట్ మందు ఆ తుప్పుని ఆపుతుందేమో చూస్తున్నామనీ ఆ రోజు ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యే మాటల్లో చెప్పింది. చేరినవాళ్ళలో సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్త పిండి నింపిన గొట్టాలు. పైకి చూస్తే తేడా తెలియదు. ఎవరికేది పడిందో డాక్టర్లకి కూడా తెలియదు.

ఆ సగం దగ్గరే వచ్చింది తంటా అంతా.

"నువ్వే కదే సగంమందికి పిండి అన్నావు," అంది అమ్మ. "మనింట్లో ఉన్నది ఇద్దరు. ఇద్దరిలో సగమంటే ఒకరు. ఒకడికి మందు, ఒకడికి పిండి. పిండి పెడుతున్నానని తెలిసి తెలిసి నా చేత్తో నేనెట్లా పెట్టేది? ఇటు చూస్తే కట్టుకున్నవాడు. అటు చూస్తే నేనెత్తుకుని పెంచినవాడు."

"సగమంటే మనింట్లో సగం కాదమ్మా. చేరిన మొత్తం జనంలో సగం. మనవాళ్ళిద్దరికీ మందే పడి ఉండొచ్చు. ఇద్దరికీ పిండే పడి ఉండొచ్చు."

అమ్మ ఆలోచించలేదు. ఇదివరకే ఆలోచించి పెట్టుకున్నదానిలా చెప్పింది.

"ఇద్దరిదీ మందైతే కలిపితే పోయిందేముంది? ఇద్దరిదీ పిండైతే కలిపితే పోయిందేముంది? ఒక్కడిదే మందైతే, కలపకపోతేనే పోతుంది. ఇప్పుడు చెప్పు. నేను చేసింది తప్పా?"

ఆ మాటకి జవాబు పాపాయికి తెలుసు. కానీ ఆ జవాబులో నాన్న లేడు, మామయ్య లేడు. ఎక్కడో ఉన్న, ఎప్పుడూ చూడని మనుషులున్నారు.

"ఈ జబ్బుతో ఇంకా బోలెడుమంది ఉన్నారమ్మా. రేపు కొత్తగా వచ్చేవాళ్ళున్నారు. ఈ మందు పనిచేస్తుందో లేదో వాళ్ళకి తెలియాలి. ఇట్లా కలిపేస్తే ఎవరికీ ఏమీ తెలియదు."

"వాళ్ళని చూసుకునేవాళ్ళు వాళ్ళకుంటారు," అంది అమ్మ, సాసర్లు చేతిలోకి తీసుకుంటూ. "తప్పుకో, దారియ్యి."

ముందుగదిలో ఇద్దరూ రెండు కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు.

నాన్న కూరగాయల మార్కెట్లో వేలం వేసేవాడు. ఆయన పాట మొదలుపెడితే బయట రోడ్డు మీద లారీవాళ్ళకి కూడా ధర వినిపించేదని చెప్పుకునేవారు. మార్కెట్లో ఆయన పేరు కంచు. జబ్బు ముందు చేతిని పట్టుకుంది, ఆనక గొంతుని, ఆ తర్వాత మొహాన్ని. ఇప్పుడాయన మాట్లాడితే పక్కవాళ్ళు వంగి వినాలి. కోపమొచ్చినా, నవ్వొచ్చినా మొహం మాత్రం కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంటుంది.

మామయ్య లిఫ్టులు బాగుచేసేవాడు. ఆయన నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు.

"వచ్చిందయ్యా సరుకు," అన్నాడు అక్కని చూసి. "బావా, నీకు పిండి, నాకు మందు. కాదంటే పందెం కట్టు. నేనప్పుడే మూడో అంతస్తుకి వచ్చేశాను. నువ్వింకా కిందే నిలబడి బటను నొక్కుతున్నావు."

నాన్న పెదాలు కదిలాయి. పాపాయి వంగింది.

"ఏమంటాడు?" అన్నాడు మామయ్య.

"నీది మూడో అంతస్తు కాదట. కరెంటు పోయి మధ్యలో ఇరుక్కున్నావట."

మామయ్య చేతిలోని నీళ్ళ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. ఆ గ్లాసు ఎవరి సాయం లేకుండా తనే పట్టుకున్నాడు. పోయిన చలికాలంలో ఆయనకి చెంచాతో నీళ్ళు పట్టాల్సి వచ్చేది. నాన్న గ్లాసుని మాత్రం అమ్మే పట్టుకుంది. ఒక గుటక, ఆగి ఇంకో గుటక. ఒకే డబ్బాలోంచి ఇద్దరికీ ఒకటే పడుతున్నా ఒకరు తేరుకుంటున్నారు, ఒకరు జారిపోతున్నారు. అమ్మకి అది కనబడటం లేదో, చూడదలుచుకోలేదో పాపాయికి అర్థం కాలేదు.

ఆమె సంచీ తగిలించుకుని బయల్దేరుతుంటే అమ్మ వీధిగుమ్మం దాకా వచ్చింది.

"ఆస్పత్రిలో చెప్తే ఏంచేస్తారు?"

"ఇద్దర్నీ తీసేస్తారు. మందు ఆపేస్తారు."

"వాడు ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతున్నాడు."

పాపాయి వంగి చెప్పుల పట్టీ సరిచేసుకుంది. సరిగ్గా ఉన్నదాన్నే మళ్ళీ సరిచేసుకుంది.

"పాపాయ్. చెప్తావా?"

ఆమె వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.

* * *

కణాల గదిలో ఎప్పుడూ ఒకటే వెచ్చదనం. పాపాయి చేతులకి తొడుగులు వేసుకుని, గాజు అద్దం వెనక గిన్నెల్లో కణాలకి తిండయ్యే పాత నీరు తీసి కొత్త నీరు పోసింది. తర్వాత ఒక్కో గిన్నె మైక్రోస్కోపు కింద పెట్టింది.

తుప్పు పుట్టించే విషం అన్ని గిన్నెల్లోనూ వేశారు. మందు మాత్రం కొన్నింటిలోనే వేశారు. మందు పడ్డ గిన్నెల్లో కణాలు సన్నటి చేతులు చాపి పక్కవాటిని పట్టుకుని ఉన్నాయి. పడనివాటిలో చేతులు ముడుచుకుని, గుండ్రంగా ఉబ్బి, పట్టు వదిలేసి పైకి తేలాయి. ఆమె రోజూ చూసేదే. గిన్నెల్లో ఈ మందు ఎప్పుడూ పనిచేస్తుంది. ఎలుకల్లోనూ చేసింది. ఇలాంటి మందులు ఇంతకుముందూ ఇలాగే ఆశపెట్టి, మనుషుల దగ్గరికొచ్చేసరికి చతికిలబడ్డాయి. ఆ సంగతి ఆమె ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

"నేను అనకూడదు గానీ," అంటూ వచ్చింది పెద్ద డాక్టరమ్మ. పరిశోధన మొత్తం నడిపేది ఆమే. ఏ విషయమైనా నేను అనకూడదు గానీ అనే మొదలుపెడుతుంది. ఇవాళ ఆమె మొహం వెలుగుతోంది. "రేపు మీవాళ్ళని పరీక్షకి తెస్తున్నావుగా? పోయినసారి మీ మామయ్య కుర్చీ చెయ్యి పట్టుకోకుండా లేచాడు. నడిచి వెళ్ళి తలుపు దగ్గర వెనక్కి తిరిగాడు. తడబడలేదు. అలాంటివాళ్ళు ఇంకొందరు కనబడితే చాలు. ఇన్నేళ్ళకి ఒక్కటైనా నిలబడుతుందేమోననిపిస్తోంది."

పాపాయి మైక్రోస్కోపు దీపం ఆర్పింది.

"మేడమ్, మా ఇంట్లో మందు కలిసిపోయింది."

"ఏమిటి?"

"నాన్న సీసా, మామయ్య సీసా. రెండూ ఒకే డబ్బాలో పోసి ఇద్దరికీ వేస్తోంది అమ్మ."

"కలిసిపోయిందా? కలిపిందా?"

"కలిపింది."

"ఎప్పట్నుంచి?"

"మొదటి సీసాల నుంచీ."

డాక్టరమ్మ చుట్టూ చూసి, ఎత్తు పీట ఒకటి లాక్కుని కూర్చుంది. "ఎందుకూ?" అని అడిగింది. పాపాయి ఆ సగం సంగతి చెప్పింది. ఇద్దరిలో సగమంటే ఒకరు అన్నదగ్గర డాక్టరమ్మ నవ్వింది. నవ్వినట్టు మాత్రం వినబడలేదు.

"ఎలుకల్లో ఈ బాధ రాలేదు చూడు," అంది. "ఎలుకలకి అక్కలుండరు."

కణాలుంచే వెచ్చటి పెట్టెలో పంకా తిరుగుతున్న చప్పుడు వినబడింది.

"ఇద్దర్నీ తీసేయాలి," అంది డాక్టరమ్మ. "మిగిలిన క్యాప్సూల్స్ ఇవాళే తెప్పించు. ఇంట్లో ఒక్కటి ఉండకూడదు."

"ఎవరికేది పడిందో ఒక్కసారి చూసి చెప్పడానికి..."

"పరిశోధన అయిపోయేదాకా తెరవడానికి లేదు. నాకూ లేదు."

"మామయ్యకి గుణం కనబడుతోంది మేడమ్. ఆపేస్తే మళ్ళీ..."

"పిండి తిన్నా కొన్నాళ్ళు గుణం కనబడుతుందమ్మా. ఈ జబ్బులో మరీను. ఆశకి అంత బలముంది. ఆ ఆశని తీసేసి మందుని చూడాలనే కదా సగంమందికి పిండి పెట్టేది." ఆమె లేచింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. "నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన ఆదివారం."

"ఇన్నాళ్ళూ ఏంచేశావు?"

పాపాయి తొడుగుల వేళ్ళ చివరలు లాగుతూ నిలబడింది.

"రేపు నువ్వు ఈ గదిలోకి రాకు," అంది డాక్టరమ్మ మెల్లగా. "నిన్ను ఉంచాలో వద్దో కమిటీ చెప్తుంది. నేను అనకూడదు గానీ, ఇంకెవరింట్లో జరిగినా ఇంత బాధ ఉండేది కాదు."

* * *

పాపాయి ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. అమ్మ ముందుగదిలో నేలమీద కూర్చుని ఆరిన బట్టలు మడత పెడుతోంది. నాన్న చొక్కాలకి గుండీలు తీసేసి, వాటి చోట అతుక్కునే పట్టీలు కుట్టింది తనే. ఒక్కో పట్టీ అతికిస్తూ మడుస్తోంది. కూతురి మొహం చూడగానే ఆమె చేతులు ఆగాయి.

"చెప్పేశావు," అంది.

"డబ్బా ఇయ్యమ్మా. తెచ్చెయ్యమన్నారు."

"ఏం చెప్పింది? ఏ డబ్బా?" అన్నాడు మామయ్య.

అమ్మ చెప్తుందేమోనని పాపాయి చూసింది. అమ్మ చొక్కా వైపే చూస్తూ కూర్చుంది. చివరికి పాపాయే నిలబడి చెప్పింది, డబ్బా సంగతీ, డాక్టరమ్మ అన్న సంగతీ. ఇవాళ్టితో ఇద్దరికీ ఆ మందు లేదన్నది చివర చెప్పింది.

ముందు నవ్వింది మామయ్యే.

"అంటే అక్కా, రోజూ కళ్ళు మూసుకుని తీశావా? నువ్వు లాటరీ ఆఫీసులో ఉండాల్సినదానివి." అంతలో ఆ నవ్వు ఆయన మొహం మీద ఎక్కడో ఆగిపోయింది. "ఆగాగు. అయితే నా మందు బావకి పోయిందా?"

మామయ్య ముగ్గురి మొహాల్లోకీ చూశాడు.

"కాదూ మరి? గుణం కనబడింది నాకు కదా. అసలుది నా సీసాలోదే. అది కూడా సగం పడితేనే ఇంత లేచాను. మొత్తం పడుంటే..."

నాన్న ఏదో అన్నాడు. పాపాయి వంగింది. ఆ మాట పైకి చెప్పడానికి ఆమెకు మనసు రాలేదు.

"ఏమంటాడు?" అన్నాడు మామయ్య.

"ఏం లేదు మామయ్యా."

"చెప్పవే. ఏమంటాడు?"

"నాది, అంటున్నారు. నువ్వు నడుస్తున్నది నా మందుతో, అంటున్నారు."

"బావా!" మామయ్య కుర్చీ చేతుల మీద బలం మోపి లేచాడు. "నీ మందా? నేనొక ముద్ద తక్కువ తిని పక్కన పడుండేవాణ్ణి గానీ నీది లాక్కునేవాణ్ణా? నేనడిగానా? ఎప్పుడైనా అడిగానా?"

నాన్న మొహంలో ఏమీ లేదు. అదే పళ్ళెం. కానీ ఈసారి పాపాయి వంగకుండానే మాట వినబడింది. ఊపిరంతా కూడదీసుకుని అన్నాడాయన.

"నా ఇంట్లో తిన్నావు. నా మందు తిన్నావు."

మామయ్య మళ్ళీ కూర్చున్నాడు. కూర్చోబోయి కుర్చీ అంచుకి తగిలి, పక్కకి ఒరిగి, ఎలాగో లోపల పడ్డాడు. పట్టుకోవడానికి పాపాయి ఒక అడుగు వేస్తే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యి చాలాసేపు ఆగలేదు.

"ఎవరిదీ ఎవరూ తినలేదు నాన్నా," అంది పాపాయి. "ఇద్దరికీ పడింది పిండే కావచ్చు. ఈ మందు అసలు మనుషుల్లో పనిచేస్తుందని ఇంకా ఎవరికీ తెలియదు. మామయ్యకి గుణం కనబడింది కూడా దీనివల్లే అని చెప్పలేం."

ఓదార్పుగా ఉంటుందనుకుంది. ఇద్దరూ ఆమె వైపు చూసిన చూపుల్లో అది ఎంత ఘోరమైన మాటో ఆమెకు తెలిసింది. పోగొట్టుకోవడానికి కూడా ఏమీ లేదని చెప్పిందామె.

అప్పుడు నాన్న తల మెల్లగా, ఆగి ఆగి, భార్య వైపు తిరిగింది.

"నిన్నెవరు పంచమన్నారు?"

"అదే నేనూ అడుగుతున్నా," అన్నాడు మామయ్య. "నిన్నెవరు పంచమన్నారక్కా? ఎవరి ఖర్మకి వాళ్ళని వదిలేస్తే పోయేదిగా? ఇప్పుడు చూడు, ఇద్దరికీ లేకుండా పోయింది."

ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ ఒక్కమాట మీద ఉన్నది అప్పుడే.

అమ్మ చివరి చొక్కా మడత పెట్టింది. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. వంటింట్లోకి వెళ్ళి డబ్బా తెచ్చి, పాపాయి ఎదురుగా నిలబడింది.

"నువ్వూ అడుగు," అంది.

"ఏంటమ్మా?"

"వాళ్ళు అడిగారుగా. నువ్వూ అడిగెయ్యి, ఒక పనైపోతుంది."

పాపాయి అడగలేదు. నువ్వు చేసింది తప్పు కాదమ్మా అని కూడా అనలేదు, ఎందుకంటే అది తప్పే. ఏమనాలో తెలియక డబ్బా కోసం చెయ్యి చాపింది. చాపాక అర్థమైంది, అడిగినా అమ్మకి ఇంత బాధ కలిగేది కాదని.

అమ్మ డబ్బాని ఆ చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

లోపల కుళాయి నీళ్ళు పడిన చప్పుడు. పొద్దున్నుంచీ ఉన్న రెండు సాసర్లూ కడుగుతోంది. కడిగి, తుడిచి, గూట్లో పెట్టినట్టుంది. గూటి తలుపు మూసుకుంది.

"అక్కా, మాత్రల టైమవుతోంది," అన్నాడు మామయ్య ఇక్కణ్ణుంచే, గొంతు కొంచెం తగ్గించి. అవి పాతవి, రోజూ వేసుకోవాల్సినవి. అవి పడకపోతే ఇద్దరికీ కాళ్ళు బిగుసుకుపోతాయి. ఏవి ఎవరికి, ఎంత ముక్క, దేనిముందు ఏది అన్నది అమ్మ ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఆమె చేతులకే తెలుసు.



అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రెండు కుర్చీల మధ్యనుంచే నడిచింది. నాన్న ఆమె వైపు చూశాడు. కూతురు చూసింది. ఆమె ఎవరి వైపూ చూడలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది. నిదానంగా, తొందరేమీ లేనట్టు, ఒకటి, తర్వాత ఇంకొకటి. సంచీ తీసుకోలేదు.

"ఎక్కడికే?" అన్నాయి నాన్న పెదాలు. ఆ మాట పాపాయికే సరిగ్గా వినబడలేదు.

తలుపు తీసింది. మెట్లు దిగింది. పాపాయి కిటికీ దగ్గరికి పరిగెత్తేసరికి అమ్మ అప్పటికే వీధిలో ఉంది. మందుల దుకాణం దాటింది. రోజూ ఆగి పలకరించే దర్జీ కొట్టు కూడా దాటిపోయింది. వీధి చివర ఒక్క క్షణం ఆగింది. ఎటు వెళ్ళాలో ఆలోచించుకుంటున్నట్టనిపించింది. తర్వాత మలుపు తిరిగింది.